కుడిపక్క సీటు

శాన్ ఆంటోనియో
సెప్టెంబరు, ఆదివారం

మా సెనైదక్కకి,

నీ ఉత్తరం చేరింది. తోటపని తప్పించి నిన్ను వంటింట్లో వేశారని చదివి నవ్వుకున్నాను. అమ్మ బతికుంటే ఏమనేదో నీకూ తెలుసు. "వంట తప్పించుకోవడానికే మఠంలో చేరింది మహాతల్లి, దేవుడు ఊరుకుంటాడా!" అనేది. మదర్ గారి మోకాళ్ళు ఎలా ఉన్నాయి? అడిగానని చెప్పు.

ఇక్కడ ఎండలింకా తగ్గలేదు. పెరట్లో పెకాన్ చెట్టు కొమ్మ విరిగి కంచె మీద పడి చాలా రోజులైంది. నికనోర్ దాన్ని ముట్టుకోలేదు. రోజూ దాని కిందనుంచే వంగి వెళ్తున్నాడు, వంగి వస్తున్నాడు. నీ మరిది సంగతి నీకు తెలియనిదా? గోడకి మేకు వంకరగా ఉంటే అన్నం సహించని మనిషి. కొమ్మ మాట చదవగానే నీకు అర్థమయ్యే ఉంటుంది, ఇంట్లో ఏదో బాగాలేదని.

ఆయనకి ఎడమ చెవి పోయింది అక్కా.

జూలైలో ఒక సోమవారం పొద్దున తల పక్కకి వంచి అరచేత్తో కొట్టుకుంటూ కనిపించాడు. "చెవిలో నీళ్ళు పోయాయి" అన్నాడు. ముందురోజంతా గరాజ్‌లోనే ఉన్నవాడికి నీళ్ళెక్కడివి? డాక్టరు దగ్గరికి పద అన్నాను. "ఆస్టిన్‌లో కారు పాటల పోటీ అయ్యాక చూద్దాంలే" అన్నాడు. పోటీ ఆగస్టులో. ఏటా ఏదో ఒక కప్పు పట్టుకొచ్చేవాడు, ఈసారి వట్టి చేతులతో వచ్చాడు. తన పికప్ ట్రక్కు ఆపి దిగకుండా అలాగే కూర్చున్నాడు. నేను కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడితే, నా వంక చూడకుండానే, "ఒదీలియా, గాయకుడు ఎక్కడ నిలబడ్డాడో నాకు తెలియట్లేదు" అన్నాడు.

అప్పుడు వెళ్ళాం డాక్టరు దగ్గరికి. ఆ డాక్టరు చిన్నపిల్ల. మొదట్లోనే వచ్చి ఉంటే మందులు పనిచేసేవేమో అని బల్ల వంక చూస్తూ చెప్పింది. వినికిడి ఇక రాదట. ఎందుకు పోయిందో కూడా తెలియదట. కొందరికి అలా పోతుందట, అంతే.

తను పనిచేసే కారు స్పీకర్ల దుకాణంలో ఎవరికీ చెప్పొద్దన్నాడు. యజమాని బల్దెమార్‌కి అసలే చెప్పొద్దన్నాడు. నీకు రాస్తే ఎవరికో చెప్పినట్టు కాదులే, నీ చుట్టూ అంతంత గోడలున్నాయి.

నీకు ఈ కారు పాటల గొడవ తెలియదు. నువ్వు మఠానికి వెళ్ళేనాటికి నాన్న బండిలో ఒక రేడియో ఉండేది, గుద్దితే పలికేది. నికనోర్ పని అది కాదు. కారు తలుపులో పెద్ద స్పీకరు ఉంటుంది, పైన అద్దం పక్కన బొత్తాం అంత ట్వీటరు ఉంటుంది. పెద్దదానిది లావు గొంతు, చిన్నదానిది సన్న గొంతు. వచ్చిన పాటని ఆ రెండింటికీ పంచాలి. ఆ పంపకం ఎలా చెయ్యాలన్నదే ఆ దుకాణంలో తెగని తగువు. పాసివ్ అంటే, యాంప్లిఫయరు నుంచి ఒకటే తీగ వస్తుంది. తీగచుట్టలున్న చిన్న డబ్బా ఒకటి తలుపు దగ్గర కూర్చుని, అన్నం వడ్డించే తల్లిలాగా నీకింత, నీకింత అని పంచేస్తుంది. ఒకసారి బిగిస్తే బిగించినట్టే. యాక్టివ్ అయితే అలా కాదు, ఏ స్పీకరుకి ఆ యాంప్లిఫయరే. వాటన్నిటికీ ముందు ప్రాసెసరు అని ఒకటుంటుంది. దగ్గరున్న స్పీకరుని కాస్త ఆగమంటుంది, దూరంగా ఉన్నదాన్ని ముందు పలకమంటుంది. అన్నీ ఒకేసారి వచ్చి ఒక తలకి చేరేలా చూస్తుంది. అప్పుడు కళ్ళు మూసుకుంటే గాయకుడు ముందు అద్దం మధ్యలో ఎదురుగా నిలబడి పాడినట్టుంటుందట. పోటీలో న్యాయనిర్ణేత డ్రైవరు సీట్లో కూర్చుని, కళ్ళు మూసుకుని, అకార్డియన్ ఇక్కడుంది, గిటారు అక్కడుంది అని వేలు పెట్టి చూపిస్తాడు. పాసివ్ మాటెత్తితే నికనోర్ మొహం అదోలా పెట్టేవాడు, ఉప్పులేని చారు పోసినట్టు.

ఒక తల అన్నాను చూడు అక్కా. ఆ తల ఎడమపక్క కూర్చునే డ్రైవరుది. నేను ఇరవై ఏళ్ళుగా కుడిపక్క సీట్లో కూర్చుంటున్నాను. నాకు వినిపించేదల్లా నా మోకాలి పక్క తలుపులోంచే. గాయకుడు ఆ తలుపు సందులో ఇరుక్కుపోయి, ఎవరైనా తీయండి బాబోయ్ అని పాడుతున్నట్టుంటుంది. "ఇప్పుడు మధ్యలోకి వచ్చాడా?" అని అడుగుతాడు. "వచ్చాడు, బాగుంది" అంటాను. ఆయన మొహం వెలిగిపోతుంది. ఆ వెలుగు కోసమే మొదట్లో అబద్ధమాడాను. తర్వాత్తర్వాత నోటికి అలవాటైపోయింది.

నాకు ఆపరేషన్ అయినప్పుడు నీకు పొడిగా రెండు ముక్కలు రాసి ఊరుకున్నాను. ఇక పిల్లల ఆశ వదులుకోవాల్సిందేనని తేల్చిన ఆపరేషన్ అది. కుట్లతో నన్ను ట్రక్కు ఎక్కించి ఇంటికి తీసుకొస్తున్నాడు. దారి సగం అయ్యాక చెయ్యి చాచి పాట పెట్టాడు. "ఈ వారం కొత్తగా సరిచేశాను, విను. మధ్యలో ఉన్నాడా?" అన్నాడు. నేను పొట్ట పట్టుకుని, "ఉన్నాడు, బాగుంది" అన్నాను.

ఊరందరి కార్లలో పాటలు పెట్టిన మనిషి నా చిన్న కారులో చచ్చిన రేడియో మార్చలేదు. ఒకసారి అడిగాను. వచ్చే నెల అన్నాడు. మళ్ళీ అడగలేదు.

ఇదంతా ఎందుకంటే, నేను వెళ్ళిపోదామనుకున్నాను అక్కా. జూన్‌లోనే అనుకున్నాను. కార్పస్ క్రిస్టీలో మన బాబాయి కూతురు ఒఫేలియా పనిచేసే బడి వంటగదిలో మనిషి కావాలట, ఆమె ఇంట్లో వెనక గది కూడా ఉంది. ఆస్టిన్ పోటీ అయ్యాక నికనోర్‌తో చెప్దామనుకున్నాను. చూడు, నేనూ ఆ పోటీ కోసమే ఆగాను! ఇప్పుడెలా చెప్పను? చెవి పోగానే పెళ్ళాం పోయిందంటారు. లోకం అంటే అననీ. అద్దంలో చూసుకున్నప్పుడు నేనే అనుకుంటాను. ఒఫేలియాకి రావట్లేదని చెప్పేశాను. నన్ను ఓదార్చడానికి ఏమీ రాయకు, ఊరికే తెలియాలని రాశాను.

నీ చెల్లి
ఒదీలియా

*

శాన్ ఆంటోనియో
నవంబరు చివర

సెనైదక్కా,

క్రిస్మస్ ముందు ఆగమన కాలం మొదలైతే మీ మఠంలోకి ఉత్తరాలు రానివ్వరు కదా, అందుకని ముందే రాస్తున్నాను. నువ్వు రాసిన ఒక్క వాక్యం పదిసార్లు చదివాను. "జాలితో ఉండటం కూడా ఒక అబద్ధమే చెల్లీ" అన్నావు. సన్యాసినివి, నీకేం, అనేస్తావు.

నికనోర్ గుట్టు బయటపడింది. నా కళ్ళముందే.

అక్టోబరులో ఒక శనివారం ఆయనకి మధ్యాహ్నం తిండికి టాకోలు పట్టుకుని దుకాణానికి వెళ్ళాను. ట్రెవీన్యో అని ఒక బడి పంతులమ్మ కారు తెచ్చి ఉంది. ఆవిడ ముందునుంచీ "నాకు సాదాగా చాలండీ, పొద్దున వార్తలు, సాయంత్రం కాస్త పాట" అంటూనే ఉందట. పాసివ్ చాలు ఆవిడకి. నికనోర్ వినలేదు. "అమ్మా, ఒక్కసారి యాక్టివ్ వింటే మీరే నాకు దండం పెడతారు" అని ఒప్పించాడు. ఒప్పించకపోతే ఎలా? అది వదిలేస్తే తను ఆ దుకాణంలో ఎవరు?

నేను వెళ్ళేసరికి తీగలు కలపడం అయిపోయింది. పక్క గదిలో గాలి యంత్రం హోరుమంటోంది. డ్రైవరు సీట్లో కూర్చుని చిన్నగా పాట పెట్టాడు, కొంచెం పెంచాడు, ఇంకొంచెం పెంచాడు. నాకు బయటికే తెలిసిపోతోంది, ఏదో చిరుగుతున్న చప్పుడు, గుడ్డ చింపినట్టు. నాకే తెలిసినప్పుడు ఆయనకి తెలియాలి కదా! ఆయన తల ఒక పక్కకి తిప్పి, ఇంకో పక్కకి తిప్పి, వెతుకుతున్నాడు. తర్వాత తెలిసింది, లావు గొంతుకి వెళ్ళాల్సిన తీగ తెచ్చి ట్వీటరుకి కలిపాడు. పాసివ్‌లో అయితే ఆ డబ్బా కాచుకునేది, ట్వీటరు మీద బరువు పడనిచ్చేది కాదు. యాక్టివ్‌లో కాచేవాళ్ళెవరూ లేరు, కలిపినవాడి చెవే కాచాలి. కాసేపటికి అద్దం పక్కనుంచి సన్నగా పొగ వచ్చింది. ఆ కమురు వాసన పంతులమ్మ ముక్కుకి తగిలింది గానీ ఆయన చెవికి ఏమీ తగల్లేదు.

బల్దెమార్ పరిగెత్తుకొచ్చి తీగలు లాగేశాడు. మంచివాడే, కానీ నోరు దురుసు. వాళ్ళ నాన్న పోయి దుకాణం చేతికొచ్చినప్పటినుంచి ఇంకా పెరిగింది.

"ఏమయ్యా నికనోర్, చెవులు ఇంట్లో పెట్టి వచ్చావా?" అన్నాడు.

నికనోర్ సీట్లోంచి దిగకుండానే, "ఒకటే పెట్టొచ్చాను" అన్నాడు.

అందరూ నవ్వారు. పంతులమ్మ కూడా నవ్వింది పాపం. ఆయన నవ్వలేదు. ఒక్కొక్కరే నవ్వు ఆపుకున్నారు. బల్దెమార్ నా వంక చూశాడు, నేను తల దించుకున్నాను. "ఎన్నాళ్ళైంది?" అని అడిగాడు, ఈసారి మెల్లగా. ఆ మెల్లగా అడగడం నికనోర్‌కి వినపడలేదు. అందరూ చూస్తుండగా, "ఏంటి?" అన్నాడు.

పనిలోంచి తీసెయ్యలేదు. కార్లకి దొంగలొస్తే మోగే అలారాలు, అద్దాలకి నల్ల కాగితాలు బిగించే పనిలో వేశాడు. పంతులమ్మ కారుకి వేరేవాడు పాసివ్ పెట్టి పంపాడు.

ఆ తర్వాత రెండు మూడు వారాలు మా ఇంట్లో గోడలు మాట్లాడుకున్నాయి గానీ మేం మాట్లాడుకోలేదు. ఒక ఆదివారం చర్చి పూజ నుంచి వచ్చి బార్బకోవా మాంసం తిన్నాక ఉన్నట్టుండి, "రా, ట్రక్కులో కూర్చో" అన్నాడు. నేను అలవాటు కొద్దీ కుడిపక్కకి వెళ్ళాను. "అటు కాదు. డ్రైవరు సీట్లో. వసంతంలో హ్యూస్టన్‌లో పోటీ ఉంది. నీకు రెండు చెవులున్నాయిగా, నువ్వు విని చెప్పు, నేను సరిచేస్తాను" అన్నాడు. ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఆయన నా సీట్లో కూర్చున్నాడు.

నేను ఆ సీట్లో ఎప్పుడూ కూర్చోలేదు అక్కా. ట్రక్కు నడిపే పని నాకెప్పుడూ పడలేదు. కళ్ళు మూసుకోమన్నాడు. పాట పెట్టాడు.

ఎలా రాయను నీకు? ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. అద్దం అవతల, సరిగ్గా నా మొహానికి ఎదురుగా. పాడే ముందు ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. అకార్డియన్ ఎడమన, కాస్త లోపలికి. గిటారు కుడిన. వాళ్ళ మధ్య ఖాళీ జాగా ఎంతుందో కూడా తెలుస్తోంది. ట్రక్కు లేదు, గరాజ్ లేదు. నాకు ఏడుపు వచ్చేసింది.

"మధ్యలో ఉన్నాడా?" అంటున్నాడు పక్కనుంచి.

నేను కళ్ళు తుడుచుకుని చెప్పాను. "ఉన్నాడు. ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి."

ఆయన చెవిటి పక్క నావైపు ఉంది, వినపడలేదు. మొహం నావైపు తిప్పి మళ్ళీ అడిగాడు. అప్పుడు నేను అరిచాను. "ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి అంటున్నాను! ఆ సీట్లోకి వీడు ఎప్పుడూ రాలేదు! నేను విన్నదంతా ఆ తలుపు మోతే!"

"మరి బాగుందన్నావుగా?"

"అన్నాను."

"రోజూ అన్నావుగా?"

"నువ్వు రోజూ అడిగావు కాబట్టి అన్నాను. నువ్వు అడిగింది నన్నా? నీ పనితనం ఎలా ఉందో అడిగావు. నేను ఎలా ఉన్నానో ఎప్పుడడిగావు? కుట్లు ఆరని ఒంటితో ఇందులో కూర్చుంటే ఏమడిగావో గుర్తుందా?"

గుర్తుంది ఆయనకి. మొహం చూస్తే తెలిసింది. "ఆ సీటుకి కూడా చెయ్యొచ్చు. కానీ ఇటు చేస్తే అటు పాడవుతుంది. రెండిటికీ కుదరదు" అన్నాడు. నేను దానిగురించి మాట్లాడట్లేదని ఆయనకి తెలుసు. తెలిసీ అదే అన్నాడు. తర్వాత ల్యాప్‌టాప్ మూత మూసేసి, "నాకిప్పుడు ఏ సీటైనా ఒకటేలే" అని దిగి లోపలికి వెళ్ళిపోయాడు.

నేను ఆ పాట పూర్తిగా విన్నాను. ఇంకోటి కూడా విన్నాను. ఆయన మీద కోపం తగ్గలేదు, కానీ ఆయన ఇన్నేళ్ళు ఎక్కడికి వెళ్ళిపోయేవాడో తెలిసింది. తలుపు తీసి నన్నూ రమ్మని ఉంటే వెళ్ళేదాన్ని కదా అనిపించింది. నా కోసం కూడా ప్రార్థించు.

ఒదీలియా

*

శాన్ ఆంటోనియో
ఫిబ్రవరి

అక్కా,

విభూది బుధవారానికి ముందే ఇది నీకు చేరాలి, తపస్సు కాలమంతా, ఈస్టర్ దాకా, మళ్ళీ నీకు ఉత్తరాలుండవు. ఆలోగా చాలా జరిగిపోతుంది.

క్రిస్మస్ ఏదో అయిందనిపించాం. పక్కింటివాళ్ళు తమాలెలు పంపారు, ఎవరి పళ్ళెం వాళ్ళు పట్టుకుని తిన్నాం. జనవరిలో ఒకరోజు నేను ఇక్కడి బడి వంటపని నుంచి వచ్చేసరికి గరాజ్‌లో ట్రక్కు ఉండే చోట నా చిన్న కారుంది. ఆ రోజు నేను బస్సులో వెళ్ళాను, కారు కదలనని మొండికేసింది. బ్యాటరీ మార్చినట్టున్నాడనుకున్నాను. చూస్తే తలుపుల లోపలి అట్టలు ఊడదీసి ఉన్నాయి. "ఏం చేస్తున్నావు?" అంటే, "రేడియో పాడైందన్నావుగా" అన్నాడు. నేను ఆ మాట అన్నది పదేళ్ళ కిందట.

ప్రతి శనివారం ఆ కారు దగ్గరే ఉన్నాడు. నేను అటు పోలేదు. ఆశపడటం నాకు విసుగొచ్చింది అక్కా, ఆ మాట దాచను. పోయిన వారం కాఫీ ఇవ్వడానికి వెళ్ళాను. తలుపు మూల ఆ చిన్న డబ్బా కనిపించింది. నీకు చెప్పిన తీగచుట్టల డబ్బా. పాసివ్.

నాకు మండిపోయింది. ఇంత చేసి చివరికి నాకు ఉప్పులేని చారు పోస్తున్నాడా? "లోకానికంతా యాక్టివ్, నాకు మాత్రం ఇదా? ఇది పనికిరానివాళ్ళకని నువ్వే అనేవాడివి" అన్నాను.

కారు వెనకనుంచి తిరిగి నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఈమధ్య ఎవరితో మాట్లాడినా అలా ఎదురుగానే వచ్చి నిలబడుతున్నాడు.

"యాక్టివ్ పెట్టొచ్చు. కానీ అది పెంపుడు జంతువు లాంటిది, దానికి ఒక మనిషి కావాలి. వేడికి మారుతుంది, చలికి మారుతుంది, ఒక తీగ కదిలితే చాలు. ఎవరో ఒకరు కూర్చుని సరిచేస్తూ ఉండాలి. ఇది అలా కాదు. బిగించి వదిలేస్తే ఈ కారు ఉన్నన్నాళ్ళూ పలుకుతుంది. ఏ సీట్లో కూర్చున్నా ఒకేలా ఉంటుంది. ఇద్దరికీ కొంచెం తక్కువే, కానీ ఇద్దరికీ ఒకేలా. దీని కోసం నువ్వు మళ్ళీ నా దగ్గరికి రానక్కర్లేదు."

నేను కాఫీ కప్పు కారు మీద పెట్టాను.

"ఒఫేలియా ఫోన్ చేసింది, క్రిస్మస్ అయ్యాక" అన్నాడు. "ఆ పని ఇంకా ఖాళీగానే ఉందట. ఇప్పుడైనా వస్తుందా రాదా కనుక్కో బావా అంది. 'ఇప్పుడైనా' అంది. అంటే ముందు ఒకసారి అడిగింది, నువ్వు వస్తానన్నావు, తర్వాత రానన్నావు. ఎప్పుడు మానుకున్నావో లెక్క వెయ్యడం ఎంతసేపు?"

"నికనోర్..."

"నా చెవి కోసం ఉండకు. చెవి కోసం ఉంటే ఒకరోజు ఆ చెవినే తిట్టుకుంటావు. ఆ రోజు నేను వినకూడదు."

నేను ఏడ్చాను. ఆయన తువ్వాలు ఇవ్వబోయి, దానికి నూనె ఉందని వెనక్కి తీసుకున్నాడు. తర్వాత తలుపు అట్ట బిగిస్తూ, నా వంక చూడకుండా అన్నాడు. "ఆసుపత్రి నుంచి తీసుకొచ్చిన రోజు... నాకు భయమేసింది. ఏం మాట్లాడాలో తెలియలేదు. వచ్చిన మాటలన్నీ అవే." ఇంకేమైనా అంటాడేమోనని చూశాను. స్క్రూలు నోట్లో పెట్టుకున్నాడు.

నేను వెళ్తున్నాను అక్కా. వచ్చే శనివారం. తప్పో ఒప్పో నువ్వు ఇప్పుడు చెప్పలేవు, ఈస్టర్ దాకా చెప్పలేవు. బహుశా అందుకే ఇప్పుడు వెళ్తున్నానేమో. ఆయన ట్రక్కులోంచి ప్రాసెసరూ, యాంప్లిఫయర్లూ అన్నీ విప్పి బల్దెమార్‌కి ఇచ్చేశాడు. గరాజ్‌లో కప్పుల మీద దుమ్ము పడుతోంది. తుడుద్దామని గుడ్డ తీసి మళ్ళీ పెట్టేశాను.

నీ ఒదీలియా

*

కార్పస్ క్రిస్టీ
ఈస్టర్ తర్వాత

సెనైదక్కా,

నీకు ఈస్టర్ శుభాకాంక్షలు. ఇది కొత్త చిరునామా, కవరు వెనక రాశాను.

నా గది చిన్నది. కిటికీలోంచి సముద్రం కనిపించదు, ఉప్పుగాలి మాత్రం వస్తుంది. బడిలో పని తెలిసినదే, పిల్లల గోల తెలిసినదే. రాత్రి నిద్ర పడుతోంది. ఆ సంగతి నీకు సిగ్గుపడుతూ రాస్తున్నాను. కారులో పాట బాగుంటుంది. ఎవరూ ఎదురుగా వచ్చి నిలబడరు, కానీ తలుపులో ఇరుక్కునీ ఉండరు. పాట పాటలా ఉంటుంది. ఒఫేలియా పక్కన కూర్చుంటే ఆమెకీ బాగుంటుంది. ఆమె పాడుతుంది కూడా, అదొక్కటే ఇబ్బంది.

ఈస్టర్ వారంలో నికనోర్ వచ్చాడు. బస్సులో వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో మన వీధి బేకరీ రొట్టెల సంచి. ట్రక్కు ఏదంటే అమ్మేశానన్నాడు. "హైవే మీద వెనకనుంచి హారన్ కొడితే తెలియట్లేదు, ఎందుకొచ్చింది" అన్నాడు. ఒంటి చెవికి అది మామూలేననుకున్నాను.

కారులో ఎక్కించుకుని సముద్రం పక్క రోడ్డు మీద తిప్పాను. నేను డ్రైవరు సీట్లో, ఆయన కుడిపక్క. అంటే ఆయన పోయిన చెవి నావైపు. నా మాట వినపడదని తెలుసు. అందుకే ధైర్యం వచ్చింది కాబోలు, అన్నీ చెప్పేశాను. ఇక్కడ నాకు నిద్ర పడుతోందని చెప్పాను. బస్సు దిగుతుంటే చూసి నా గుండె జారిందని చెప్పాను. ఆసుపత్రి రోజు గురించి ఆయన అన్న మాట విన్నాక కోపం పోయిందనీ, కోపం పోయినా ఆ ఇంటికి తిరిగి రాలేననీ చెప్పాను. కోపమే నన్ను పంపిందనుకున్నాను ఇన్నాళ్ళూ, అది కాదు, అలసట. ఆయన కిటికీలోంచి కొంగల్ని చూస్తున్నాడు. పాట వస్తోంది. ఒక చెయ్యి తలుపు మీద, సరిగ్గా స్పీకరు ఉన్న చోట ఆనించి పెట్టుకున్నాడు.

బస్సుల దగ్గరికి వచ్చి కారు ఆపాను. వినని చెవికి చెప్పి పంపడం దొంగతనంగా అనిపించింది. దిగి, కారు చుట్టూ తిరిగి వెళ్ళి, ఆయన తలుపు తీశాను. కుడి చెవి దగ్గరికి వంగి మెల్లగా అన్నాను. "నేను ఇంటికి రాను నికనోర్. కానీ నువ్వు వస్తూ ఉండు."

ఆయన నా పెదాల వంక చూశాడు. నవ్వు మొహం పెట్టాడు. "కొంచెం గట్టిగా" అన్నాడు.

మళ్ళీ అన్నాను, గట్టిగా. ఆయన ఇంకా పెదాల వంకే చూస్తున్నాడు.

తలుపు పట్టుకున్నాను. "ఇది కూడానా?" అని వేలితో ఆ చెవి చూపించాను. తల ఊపాడు. ఎప్పటినుంచి అంటే, ఒఫేలియా ఫోన్ చేసిన కొద్దిరోజులకి మొదలైందట. ఈసారి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళాడట, మందులూ వాడాడట, ఆగలేదట. నా కారు తలుపులు ఊడదీసి కూర్చున్న ఆ శనివారాలన్నిట్లోనూ ఆయనకి ఇది తెలుసు. యాక్టివ్ పెట్టకపోవడానికి నాకు చెప్పినదంతా నిజమే. చెప్పనిది ఇంకొకటుంది, అది సరిచెయ్యడానికి చెవి మిగల్లేదు. అందుకే ఎదురుగా వచ్చి నిలబడేవాడు, పెదాలు కనపడాలని. నేను దాన్ని ప్రేమ అనుకున్నాను. అదీ ఉందేమో, నాకు తెలియదు.

బస్సు కోసం నిలబడ్డవాళ్ళంతా తిరిగి చూసేలా అరిచాను. "నా మీద జాలిపడి పంపించావా?"

ఇది అర్థమైంది ఆయనకి. "నువ్వు నా మీద జాలిపడి ఉన్నావుగా" అన్నాడు, తన గొంతు తనకి తెలియక అంతే గట్టిగా. "చెల్లుకు చెల్లు."

ఎవరో నవ్వారు. మొగుడూపెళ్ళాల పోట్లాట అనుకున్నారు. నేను ఆయన చొక్కా పట్టుకుని ఏడ్చాను. ఆయన నా వీపు మీద చెయ్యి వేసి, బస్సు వచ్చిందని చెప్పాడు. నాకంటే ముందు ఆయనే చూశాడు. ఇప్పుడు ఆయన కళ్ళు అన్నీ ముందే చూస్తాయి.

నేను ఆపలేదు. ఉండమని అడగలేదు, వెంట వెళ్తాననీ అనలేదు. వెళ్తే మళ్ళీ ఆ చెవుల కోసమే వెళ్ళినట్టవుతుంది, ఆయన తన చేత్తో తెంపినదాన్ని నేను ముడి వేసినట్టవుతుంది. వెళ్ళకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. వచ్చే నెల వస్తానన్నాడు. రెండో చెవికి ఏదో యంత్రం పెడతారట, పనిచేస్తే చేస్తుందట.

ఫోన్ ఇక ఆయనకి పనికిరాదు. సెల్‌ఫోన్‌లో అక్షరాలు కళ్ళకి ఆనవంటాడు. ఇంతవరకు నేను ఉత్తరం రాసింది లోకంలో నీ ఒక్కదానికే. ఇప్పుడు ఇంకొకరికి రాయాలి. ఈ పొద్దున కాగితం తీసుకుని కూర్చున్నాను. ఇరవై ఏళ్ళు ఒకే కప్పు కింద ఉన్న మనిషికి ఏమని మొదలుపెడతారో తెలియలేదు. "నికనోర్" అని రాశాను. అక్కడే ఆగింది. ఆ కాగితం బల్ల మీదే పెట్టి, ముందు నీకిది రాస్తున్నాను. దీని కవరు అంటించి, మళ్ళీ ఆ కాగితం దగ్గరికి వెళ్తాను.

నీ చెల్లి
ఒదీలియా